ఇంగ్లిష్ టీచర్ కావాలంటే ఏ దారి పట్టాలి? డిగ్రీలో చేరకముందే తేల్చుకోవలసిన సంగతులు

బీఈడీ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన జరుగుతోంది. మా బడిలో పదో తరగతి దాకా చదువుకున్న అమ్మాయి తోడు రమ్మంటే వెళ్లాను. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. బల్ల అవతల కూర్చున్న అధికారి ఆమె డిగ్రీ మార్కుల మెమో మీద వేలు పెట్టి, ఒక్కో పేపరు పేరు చదువుకుంటూ కిందికి దిగారు. వేలు ఒకచోట ఆగింది. ‘‘నీది బీకాం కదమ్మా. ఇక్కడున్నది జనరల్ ఇంగ్లిష్. దీనితో ఇంగ్లిష్ మెథడాలజీ ఇవ్వడానికి వీల్లేదు’’ అన్నారు. మెథడాలజీ అంటే బీఈడీలో ఏ సబ్జెక్టు బోధనలో శిక్షణ పొందుతామో అది. ఆ పేపరులో ఆమెకు వచ్చిన మార్కులు మెమోలో అన్నింటికంటే ఎక్కువ. అయినా లాభం లేకపోయింది. ఆమె వెనక్కి వెళ్లి ఎంఏ ఇంగ్లిష్ పూర్తి చేసి, మళ్లీ ఎడ్‌సెట్ రాసి, అదే బల్ల ముందు నిలబడేసరికి రెండేళ్లు గడిచిపోయాయి.

ఆ రోజు నుంచి ఇంటర్ పిల్లలెవరు సలహా అడిగినా మొదట ఒకటే ప్రశ్న వేస్తున్నాను: నీకు ఏ తరగతి పిల్లలకు పాఠం చెప్పాలని ఉంది? జవాబు దొరికితే అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవచ్చు. ఆ తరగతికి ఏ ఉద్యోగం, దానికి ఏ శిక్షణ, ఆ శిక్షణకు డిగ్రీలో ఏ సబ్జెక్టు అని. చాలామంది ముందు డిగ్రీలో చేరిపోయి, చివరి ఏడాదిలో నోటిఫికేషన్ చదువుకుంటారు. అప్పటికి చేతిలో ఉన్న మెమోను మార్చడం ఎవరివల్లా కాదు.

ఏ తరగతికి ఏ అర్హత

ఒకటి నుంచి అయిదో తరగతి వరకు చెప్పాలనుకుంటే ఇంటర్ తర్వాత ప్రాథమిక బోధనలో రెండేళ్ల డిప్లొమా, అంటే డీఈఎల్‌ఈడీ, చేయాలి. దీనికి డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష అయిన డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు ఈ అర్హతతోనే వస్తాయి. ఒకప్పుడు బీఈడీ చేసినవారు కూడా చిన్న తరగతులకు వెళ్లవచ్చనే వెసులుబాటు ఉండేది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అది పోయింది. కాబట్టి చిన్నపిల్లలతో గడపాలని మనసులో ఉన్నవారు ‘ఎందుకైనా మంచిది, బీఈడీ చేసి పెట్టుకుందాం’ అనుకోవద్దు. ఆ ఆలోచనకు కాలం చెల్లింది. ఇంకో సంగతి, ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లిష్ ఒక్కటే చెబుతానంటే సాధారణంగా కుదరదు. లెక్కలూ తెలుగూ పరిసరాల విజ్ఞానం కూడా మీవే.

ఆరు నుంచి పది వరకు ఇంగ్లిష్ చెప్పేవారు స్కూల్ అసిస్టెంట్లు. డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. దానితోపాటు ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ ఉండాలి. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పాసై ఉండాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీరి గురించే, ఎందుకంటే తప్పటడుగులు ఎక్కువగా పడేది ఈ దారిలోనే.

కేంద్రీయ విద్యాలయాల్లో ఇదే స్థాయి ఉద్యోగానికి నిబంధన ఇంకాస్త బిగువుగా ఉంటుంది. డిగ్రీ మూడేళ్లలోనూ ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. మొత్తం మార్కుల్లోనూ, ఇంగ్లిష్‌లో విడిగానూ 50 శాతం తెచ్చుకుని ఉండాలి. దానికి తోడు బీఈడీ, కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్‌లో రెండో పేపరు. ఈ ‘మూడేళ్లలోనూ’ అన్న ఒక్క మాట ఎంతమందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుందో! జనరల్ ఇంగ్లిష్ మొదటి ఏడాదితోనో రెండో ఏడాదితోనో అయిపోయే కోర్సు చదివినవారికి ఆ తలుపు తెరుచుకోదు.

ఇంటర్ విద్యార్థులకు చెప్పే జూనియర్ లెక్చరర్‌కు ఎంఏ ఇంగ్లిష్ ముఖ్యం. అదే వయసు పిల్లలకు గురుకులాల్లోనో కేంద్రీయ విద్యాలయాల్లోనో పోస్టు గ్రాడ్యుయేట్ టీచర్‌గా చేరాలంటే ఎంఏతోపాటు బీఈడీ కూడా కావాలి. డిగ్రీ కళాశాలకు వెళ్లాలనుకుంటే 55 శాతం మార్కులతో ఎంఏ, ఆపైన లెక్చరర్ల అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ, లేదా పీహెచ్‌డీ. అక్కడ బీఈడీ ప్రసక్తి లేదు.

నాలుగేళ్ల కోర్సా, మూడు ప్లస్ రెండా?

ఉన్నత పాఠశాలే మీ గమ్యం అని తేలితే, ఇంటర్ తర్వాత రెండు ప్రధాన దారులు కనిపిస్తాయి.

మొదటిది పాత దారి: మూడేళ్ల బీఏ, తర్వాత రెండేళ్ల బీఈడీ, మొత్తం అయిదేళ్లు. బీఈడీ ఒకప్పుడు ఏడాదే ఉండేది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2014 నిబంధనలతో దాన్ని రెండేళ్లు చేసింది. రెండోది నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు, పొట్టిగా ఐటెప్. ఇందులో డిగ్రీ, బీఈడీ కలిసే నడుస్తాయి. 2023-24లో దేశంలోని 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ప్రవేశానికి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌సెట్ అనే పరీక్ష పెడుతుంది. దాన్ని తెలుగులో కూడా రాయవచ్చు. నాలుగేళ్లలో పట్టా, శిక్షణ రెండూ చేతికి వస్తాయి కాబట్టి ఒక ఏడాది కలిసి వస్తుంది. 2030 నాటికి ఉపాధ్యాయ వృత్తికి ఈ నాలుగేళ్ల కోర్సే కనీస అర్హత కావాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. అదే విధానం, ఇప్పటికే వేరే డిగ్రీ చేసినవారికి రెండేళ్ల బీఈడీ, నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవారికి ఏడాది బీఈడీ ఉంటాయని కూడా చెప్పింది.

పదిహేడేళ్లకే ‘నేను టీచర్‌నే అవుతాను’ అని గట్టిగా అనుకున్నవారికి ఐటెప్ మేలైన దారి అని నా అభిప్రాయం. ఏడాది మిగలడం అందుకు చిన్న కారణమే. ఇంగ్లిష్ సాహిత్యం ఒకవైపు చదువుతూనే, పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో మరోవైపు తెలుసుకోవడం, మధ్యమధ్య బడికి వెళ్లి చూసి రావడం అనేది మూడేళ్ల తర్వాత హడావుడిగా నేర్చుకునేదానికంటే లోతుగా దిగుతుంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే ఆ సంస్థ పరిధిలోకి రెండు తెలుగు రాష్ట్రాలూ వస్తాయి. నాలుగేళ్ల సమీకృత కోర్సులకు దానికి దశాబ్దాల అనుభవం ఉంది. నాలుగేళ్ల పద్ధతి గురించి అనుమానం ఉన్నవారు అక్కడి పూర్వ విద్యార్థులు ఎవరైనా కనిపిస్తే మాట్లాడి చూడండి.

అయితే రెండు జాగ్రత్తలు. ఐటెప్ ఉన్న ప్రతిచోటా ఇంగ్లిష్ మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, ఉండదు. ఉదాహరణకు వరంగల్ ఎన్ఐటీలో ఉన్నది బీఎస్సీ బీఈడీ, ఇంగ్లిష్ కోరుకునేవారికి పనికిరాదు. సంస్థ పేరు చూసి మురిసిపోకుండా, అక్కడ బీఏ బీఈడీ ఉందా, అందులో ఇంగ్లిష్ మేజర్ ఇస్తారా అని ముందే అడగాలి. రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం: ‘మాదీ నాలుగేళ్ల సమీకృత కోర్సే’ అని చెప్పుకునే కళాశాలలన్నింటికీ ఐటెప్ గుర్తింపు ఉండదు. గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కళాశాల పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య మూడూ అందులో సరిపోలితేనే ఫీజు కట్టండి.

మనసు ఇంకా ఊగిసలాడుతున్నవారికి మాత్రం పాత దారే మంచిది. బీఏ ఇంగ్లిష్ చదివినవారు పాత్రికేయంలోకి వెళ్లవచ్చు, అనువాదంలోకి వెళ్లవచ్చు, సివిల్స్ రాసుకోవచ్చు. మూడేళ్ల తర్వాత కూడా బడి మీదే మనసుంటే బీఈడీ ఎక్కడికీ పోదు. ఒక్క ఏడాది మిగులుతుందని నాలుగేళ్లకు కట్టుబడిపోయి, రెండో ఏడాదికే బయటపడాలని చూసే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

పాత దారిలో వెళ్లేవారు గుర్తుంచుకోవలసింది డిగ్రీలో సబ్జెక్టు ఎంపిక. రెండు రాష్ట్రాల ఎడ్‌సెట్‌లలోనూ ఇంగ్లిష్ మెథడాలజీ కావాలంటే బీఏలో స్పెషల్ ఇంగ్లిష్ గానీ, ఇంగ్లిష్ సాహిత్యం గానీ చదివి ఉండాలి. లేదంటే ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ ఈ లెక్కలోకి రాదు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్ ద్వారా కళాశాలలు ఎంచుకునేటప్పుడు ఇంగ్లిష్ సాహిత్యం ఉన్న గ్రూపులు వెతకాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ విధానం వచ్చింది. అక్కడ ఇంగ్లిష్‌నే మేజర్‌గా తీసుకోవడం క్షేమం. ‘చరిత్ర మేజర్, ఇంగ్లిష్ మైనర్ తీసుకుంటే రెండు సబ్జెక్టులకూ పనికొస్తుంది కదా’ అని ఒక అబ్బాయి అడిగాడు. తెలివైన ఆలోచనే. కానీ మైనర్‌ను అర్హతగా లెక్కిస్తారో లేదో ఏ ఏడాది నోటిఫికేషన్‌లో ఎలా రాస్తారో మన చేతిలో లేదు. అనుమానానికి తావిచ్చే మెమోతో కౌన్సెలింగ్‌కు వెళ్లవద్దన్నాను.

ఇప్పటికే వేరే డిగ్రీ ఉంటే

బీఎస్సీ, బీకాం, బీటెక్ చదివి ఇంగ్లిష్ మీద ప్రేమతో ఇటు రావాలనుకునేవారు తక్కువేమీ కాదు. వారికి దారి మూసుకుపోలేదు, కొంచెం పొడవు అవుతుంది, అంతే. ఎంఏ ఇంగ్లిష్ చేసి, దాని ఆధారంగా ఇంగ్లిష్ మెథడాలజీ తీసుకోవడమే సరైన పద్ధతి. ఉద్యోగం చేస్తున్నవారు ఎంఏను దూరవిద్యలో చదువుకోవచ్చు. మార్కులు మాత్రం 50 శాతం దాటాలి, వీలైతే 55. ఆ అయిదు శాతం తేడా తర్వాత డిగ్రీ కళాశాల వైపు వెళ్లాలనిపించినప్పుడు తెలిసొస్తుంది.

కొందరు అడ్డదారి ఆలోచిస్తారు. ముందు తమ డిగ్రీకి దొరికే సోషల్ మెథడాలజీతోనో సైన్స్ మెథడాలజీతోనో బీఈడీలో చేరిపోతే, తర్వాత ఎంఏ ఇంగ్లిష్ చేసి ఇంగ్లిష్ పోస్టుకు వెళ్లవచ్చని. ప్రైవేటు బడుల్లో ఇది నడిచిపోవచ్చు. డీఎస్సీలో నడవదు. అక్కడ బీఈడీ మెమోలో ఇంగ్లిష్ మెథడాలజీ పేరు కనిపించాలి. రెండేళ్లు పెట్టి చేసే శిక్షణ కోరుకున్న సబ్జెక్టులోనే చేయండి, ఒక ఏడాది ఆగవలసి వచ్చినా సరే.

దూరవిద్యలో బీఈడీ గురించి కూడా అడుగుతుంటారు. ఇగ్నో బీఈడీ ఇప్పటికే శిక్షణ పొందిన ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించింది. ఏ శిక్షణా లేకుండా నేరుగా చేరడానికి వీలుండదు. డీఈఎల్‌ఈడీ చేసి బడిలో పనిచేస్తున్నవారికి అది చక్కని అవకాశం.

పరీక్షల్లో ఎదురయ్యే విచిత్రం

ఆంధ్రప్రదేశ్ ఎడ్‌సెట్‌లో 150 మార్కులకు 100 మార్కులు మీరు ఎంచుకున్న మెథడాలజీ సబ్జెక్టువే. అంటే ఇంగ్లిష్ కోరుకునేవారు ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే పోటీ పడతారు. తెలంగాణలో 2021 నుంచి పద్ధతి మారింది. మెథడాలజీ ఏదైనా అందరికీ ఒకే పేపరు. 150లో 60 మార్కులు లెక్కలు, సైన్స్, సోషల్‌కు పోతాయి. జనరల్ ఇంగ్లిష్‌కు ఉన్నవి 20. షేక్‌స్పియర్‌ను ఔపోసన పట్టిన విద్యార్థి కూడా ఆ పరీక్ష కోసం పదో తరగతి లెక్కల పుస్తకం మళ్లీ తీయక తప్పదు.

సీటెట్‌లోనూ అంతే. రెండో పేపరులో 150కి 60 మార్కుల భాగం ఒకటి ఉంటుంది. అందులో ఉన్న ఎంపికలు రెండే: లెక్కలు-సైన్స్, లేదా సోషల్. భాష చెప్పేవారు కూడా రెండింట్లో ఒకటి రాయాలి. బీఏలో చరిత్రో రాజనీతి శాస్త్రమో ఇంగ్లిష్‌తో కలిపి చదివినవారికి ఇక్కడ చాలా ఊరట. గ్రూపు ఎంచుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే నొక్కి చెబుతున్నాను. ఇంగ్లిష్ సాహిత్యం పక్కన చరిత్ర ఉన్న గ్రూపు దొరికితే వదులుకోకండి.

టెట్‌లో జనరల్ అభ్యర్థులకు 60 శాతం అర్హత మార్కు. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీ తుది లెక్కలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, పాసయ్యాం చాలనుకోకుండా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసేవారు సరైన పనే చేస్తున్నారు.

ఏ చదువు ఏం నేర్పుతుంది

అర్హతల సంగతి అలా ఉంచి, అసలు పాఠం చెప్పడానికి వద్దాం. బీఈడీ రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఒకసారి మా బడికి శిక్షణకు వచ్చిన అమ్మాయి ఎనిమిదో తరగతిలో క్రియా రూపాలు చెబుతోంది. చార్టు అందంగా ఉంది, నలభై అయిదు నిమిషాలకూ పీరియడ్ ప్లాను రాసుకుని వచ్చింది. వెనక బెంచీలో నేను పరిశీలన పుస్తకం తెరిచి కూర్చున్నాను. ముందు వరుసలోని పిల్లవాడు లేచి, ‘‘టీచర్, ‘అన్నం తిన్నాను’ అనడానికి ఇంగ్లిష్‌లో ‘ఐ ఏట్’, ‘ఐ హావ్ ఈటెన్’ అని రెండు రకాలు ఎందుకు? తెలుగులో ఒకటే కదా’’ అన్నాడు. ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. సూత్రం తెలుసు, సహాయక క్రియ ఎక్కడ పెట్టాలో తెలుసు. పిల్లవాడు అడిగింది అది కాదు. ఎప్పుడో జరిగిపోయిన తిండికీ, ఇప్పటికీ కడుపు నిండుగా ఉన్న తిండికీ ఇంగ్లిష్ వేరువేరు రూపాలు వాడుతుందని, తెలుగులో ఆ తేడా సందర్భాన్ని బట్టి తెలుస్తుందని వాడికి చెప్పాలి. ‘‘మధ్యాహ్నం ఇంకొంచెం పెట్టమంటావా అని ఆయా అడిగితే ఏమంటావు? వద్దు, తిన్నాను అంటావు. ఆ తిన్నాను వేరు’’ అని పీరియడ్ అయ్యాక ఆమెకు చెప్పాను. మర్నాడు అదే మాటతో పాఠం మొదలుపెట్టింది. ఆ తరగతి మొత్తం చేతులెత్తింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బీఏ ఇంగ్లిష్ మనకు కవిత్వం, నాటకం, నవల, సాహిత్య చరిత్ర ఇస్తుంది. బీఈడీ పాఠం ఎలా అమర్చుకోవాలో నేర్పుతుంది. తెలుగు పిల్లల నోట ఇంగ్లిష్ ఎందుకు అలా పలుకుతుందో, మాట చివర అచ్చు చేర్చి బుక్కు, పెన్ను అని ఎందుకంటారో, క్రియ వాక్యం చివర ఉండే భాష నుంచి మధ్యలో ఉండే భాషకు మారడంలో ఎక్కడ తడబడతారో ఈ రెండూ అంతంతమాత్రంగానే చెబుతాయి. ఆ లోటు తీర్చే చోటు హైదరాబాదులోనే ఉంది. 1958లో కేంద్ర ఇంగ్లిష్ సంస్థగా మొదలైన ఇఫ్లూ, భాషాబోధన మీదే నిలబడిన విశ్వవిద్యాలయం. ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం, ఇంగ్లిష్ బోధన అక్కడ ప్రధాన విషయాలు. సీటు దొరకడం కష్టమే. కానీ రెండు దారులూ సమానంగా కనిపించి ఎటూ తేలనప్పుడు, ఇఫ్లూ ప్రవేశ పరీక్ష ఒకసారి రాసి చూడమంటాను. అక్కడ దొరకకపోయినా ధ్వనిశాస్త్రం మీద ఒక మంచి పుస్తకం కొనుక్కుని రోజూ అరగంట గట్టిగా చదువుకుంటే ఎంతో తేడా కనిపిస్తుంది.

సెల్టా గురించి రెండు మాటలు. కేంబ్రిడ్జి ఇచ్చే ఈ సర్టిఫికెట్‌కు దాదాపు 120 గంటల శిక్షణ ఉంటుంది. అందులో ఆరు గంటలు పరిశీలకుల ఎదుట నిజమైన పెద్దల తరగతికి పాఠం చెప్పాలి. శిక్షణ గట్టిది. విదేశాల్లో, భాషా శిక్షణ సంస్థల్లో దానికి విలువ ఉంది. మన బడుల్లో బీఈడీ స్థానంలో మాత్రం చెల్లదు. ఖర్చు కూడా ఎక్కువే కాబట్టి బీఈడీకి ముందు దాని జోలికి పోవద్దు.

ఇంత చదివాక కూడా తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. ఇంటర్ పరీక్షలు ముగిసి, బడులు ఇంకా నడుస్తున్న రోజుల్లో మీ ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, వారం రోజులు ఇంగ్లిష్ తరగతుల్లో వెనక కూర్చుంటానని అనుమతి అడగండి. పెద్ద తరగతుల కంటే ఆరు, ఏడు తరగతులు ఎంచుకోండి. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ తప్పకుండా చూడండి. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ఉపాధ్యాయులు పాఠం పైకి చదివిస్తూ ఉంటారు. తడబడుతున్న పిల్లవాడికి మాట అందించాలని మీ పెదవులు కదిలితే, ఆ సాయంత్రమే ఎన్‌సెట్ తేదీలు చూసుకోండి. గడియారం వైపు చూడాలనిపిస్తే బీఏలో చేరి, మూడేళ్లు సాహిత్యం చదువుకుని, అప్పుడు మళ్లీ ఆలోచించండి.